ఇసుకలో బండి దిగబడితే: ముందు గాలి, ఆఖర్న తాడు

మొన్న దీపావళి సెలవుల్లో ఒకరోజు సాయంత్రం ఐదు గంటలకు ఫోను మోగింది. చూస్తే మా అక్క కొడుకు. నలుగురు దోస్తులతో కలిసి, కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ థార్ బండిలో కొంకణ్ తీరానికి పోయాడు.

"మామా, బండి ఇసుకల కూసుంది. ఒక ట్రాక్టరాయన వచ్చిండు, తాడు గూడ ఉంది. బండెన్క ఇనుప గుండు ఉంటది కదా, దానికే కడుతున్నం. సరేనా?"

"కట్టకు! ముందు ఇది చెప్పు. టైర్లల్ల గాలి ఎంతుంది?"

"ఫుల్ ఉంది మామా. సోలాపూర్‌ల బయల్దేరేటప్పుడే కొట్టిచ్చినం."

"అదేరా రోగం. తాడు పక్కన పెట్టు, గాలి తియ్యి."

"గాలెందుకు మామా? పంక్చర్ గాలేదు కదా!"

సముద్రం ఎంత దూరముందో అడిగాను. నీళ్లు ఇంకా దూరంగానే ఉన్నాయన్నాడు. ఫోను పెట్టకుండా ఒక్కొక్కటే చెప్పించాను. ముప్పావు గంటలో బండి తన కాళ్ల మీద తానే బయటికి వచ్చింది. తాడు అక్కర్లేదు, ట్రాక్టరు అక్కర్లేదు. ట్రాక్టరాయనకు చాయ్ తాగించి పంపమన్నాను.

బండి బయటపడ్డా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి పోతుందని కాదు, ఆ ఇనుప గుండు గురించే. ఎందుకో ముందు ముందు చెప్తాను.

నేను గిర్నీలో జాబర్ పని చేసిన మనిషి కొడుకుని. మగ్గం మీద నిలబడడం నాకు రాసిపెట్టి లేదు. పదకొండేళ్లు ఒమన్‌లో డ్రైవర్‌గా చేశాను. షర్కియా ఇసుకలని ఉన్నాయి, వాటినే ముందు వహీబా ఇసుకలనేవారు. అక్కడ టూరిస్టుల క్యాంపుకు పికప్ బండిలో నీళ్లు, సామాన్లు చేరవేయడం నా పని. వంద మీటర్ల ఎత్తు దాకా లేచే ఇసుక గుట్టలు. అక్కడ నేర్చుకున్నది మన పూర్వభాగ్‌లో కూర్చుని చెప్పాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు మన పిల్లలు గల్ఫ్‌కు డ్రైవర్లుగా పోతున్నారు. ఇక్కడున్నవాళ్లు ఫోర్ బై ఫోర్ బండ్లు కొని సముద్రం ఒడ్డుకు తోలుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి నిమిషం: కాలు తీయి

ఇసుకలో బండి నెమ్మదవుతుంటే డ్రైవర్‌కు మొదట వచ్చే బుద్ధి యాక్సిలరేటర్ ఇంకా తొక్కడం. బండిని ముంచేది అదే. చక్రం ముందుకు పోకుండా ఉన్నచోటే తిరిగితే ఇసుకను వెనక్కి చిమ్ముతుంది, తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. పది సెకన్లు అట్లా తిప్పితే చాలు, బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. అప్పుడు చక్రాల మీద బరువు ఉండదు, బరువు లేని చక్రానికి పట్టు ఉండదు. పారతో ఐదు నిమిషాల్లో అయ్యే పని గంట పనవుతుంది.

కాబట్టి బండి ముందుకు పోవడం లేదని తెలిసిన క్షణమే కాలు తీయాలి. బ్రేకు కూడా గట్టిగా తొక్కొద్దు. తొక్కితే టైరు ముందర ఇసుక కుప్ప పడుతుంది, ఆ కుప్పే మళ్లీ అడ్డం. దానంతట అదే ఆగనివ్వాలి.

ఆగినాక అందరూ దిగాలి. డ్రైవరూ దిగాలి. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. ఏ చక్రం ఎంత దిగింది? పొట్ట ఆనుతున్నదా? నేల ఎటు పల్లంగా ఉంది? చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి పోవడం సులువు. మన టైర్లే ఆ ఇసుకను అణిచి గట్టి చేసి ఉంటాయి.

గాలి తీస్తే ఏమవుతుంది?

నేను ఒమన్ పోయిన మొదటి వారమే బండి ముంచాను. చెమటలు కక్కుతూ గంటసేపు తవ్వాను. తవ్విన కొద్దీ ఇసుక జారి మళ్లీ నిండుతోంది. ఒక బదూ ముసలాయన ఒంటెను తోలుకుంటూ అటే వచ్చాడు. నా పారను చూశాడు, నా టైర్లను చూశాడు. గల్ఫ్‌లో అందరూ మాట్లాడే ఆ పని హిందీలో రెండే మాటలన్నాడు: "హవా నికాల్." తర్వాత తన ఒంటె పాదం వైపు వేలు చూపించాడు.

ఒంటె పాదం మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. అడుగు పడగానే ఇంకా పరుచుకుంటుంది. అందుకే అంత బరువున్న జంతువు ఇసుక మీద తేలిగ్గా నడుస్తుంది. టైరులో గాలి తగ్గిస్తే టైరూ అట్లాగే పరుచుకుంటుంది. అడ్డంగా కొంచెమే, పొడుగ్గా ఎక్కువ. అదే బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది కాబట్టి ఇసుక దిగదు.

రోడ్డు మీద ఇట్లాంటి బండ్లకు మామూలుగా 32 నుంచి 35 పాయింట్ల గాలి ఉంటుంది. ఇసుకలోకి దిగేముందే దాన్ని 18కి తేవాలి. మెత్తటి ఇసుకైతే 15. దిగబడ్డాక అదీ చాలకపోతే 12 దాకా పోవచ్చు. అంతకంటే తగ్గిస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తక్కువున్నప్పుడు మలుపులు మెల్లగా తీసుకోవాలి, స్పీడు పెంచొద్దు. నాలుగు టైర్లకూ సమానంగా తీయాలి. కంటితో చూసి అంచనా వేయొద్దు, గేజ్ పెట్టి కొలవాలి.

తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి. ఇది మరిచిపోతే టైరు పక్కలు వేడెక్కి, హైవే మీద పేలుతుంది. బండి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ దగ్గర ఉంచుకోవాలి. ఆ ఇసుకల అంచున బిదియా అనే ఊరుంది. అక్కడి టైరు షాపుల్లో సగం పని ఇదే. పొద్దున ఇసుకలోకి పోయే బండ్లకు గాలి తీయడం, సాయంత్రం వచ్చే బండ్లకు కొట్టడం.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. రాల్ఫ్ బాగ్నాల్డ్ అని ఒక బ్రిటిష్ సైనిక అధికారి 1920లలో, 1930లలో ఫోర్డ్ కార్లు వేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగాడు. టైర్లలో గాలి తగ్గించడం, చక్రాల కింద ఉక్కు పట్టీలు పరిచి బయటపడడం అప్పుడే వాడుకలోకి తెచ్చాడు. ఇసుక ఎట్లా కదులుతుందో చెబుతూ 1941లో పుస్తకమే రాశాడు. ఇవాళ షాపుల్లో అమ్మే ప్లాస్టిక్ పలకలు ఆ ఉక్కు పట్టీల పిల్లలే.

పార, పలకలు, ఓపిక

గాలి తీశాక ఇక పార పని. బండి లోపలి సామాను, మనుషుల బరువు ముందే దించేసి ఉండాలి. ప్రతి చక్రం ముందు ఇసుక తీసి, గొయ్యిలోంచి పైకి ఎక్కే వాలులా చెక్కాలి. వెనక్కి పోయేట్టయితే చక్రాల వెనక చెక్కాలి. పొట్ట కింద, యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి డిఫరెన్షియల్ కింద ఆనిన ఇసుకను తోడేయాలి. చాలామంది చక్రాల దగ్గర మాత్రమే తవ్వి పొట్ట సంగతి మరుస్తారు. పార బండి కిందికి చాపాలి గానీ మనిషి బండి కింద దూరకూడదు. ఇసుక మీద బండి ఎప్పుడు జారుతుందో చెప్పలేం. జాక్ పెట్టాల్సి వస్తే దాని కింద వెడల్పాటి చెక్క ఉండాల్సిందే. లేకుంటే బండి లేవదు, జాకే దిగుతుంది.

పలకలుంటే చక్రం అంచుకు ఆనేలా, కొంచెం కిందికి దోపి పెట్టాలి. బండి తోలేటప్పుడు పలక వెనకపక్క ఎవరూ నిలబడొద్దు. చక్రం గిర్రున తిరిగితే పలకను వెనక్కి విసురుతుంది.

ఇప్పుడు స్టీరింగ్ నేరుగా పెట్టాలి. ఫోర్ వీల్ వేయాలి. లో రేంజ్ ఉంటే అందులో రెండో గేరు. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఉంటే ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే చక్రం కొంచెం జారగానే ఇంజన్ బలం తగ్గించేస్తుంది, ఇసుకలో అది మనకు పనికిరాదు. తర్వాత కాలు మెల్లగా. చక్రం తిరిగి బండి కదలకపోతే వెంటనే ఆపి, మళ్లీ తవ్వాలి. రెండుసార్లు, మూడుసార్లు తవ్వినా సిగ్గు లేదు. పోగు తెగితే ముడి వేసి మళ్లీ మగ్గం నడిపే ఇళ్లు మనవి. ఆ ఓపికే ఇక్కడా కావాలి.

నూటికి ఎక్కువ సార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది.

తాడు: ప్రాణం తీసేది ఇదే

ఇప్పుడు ఆ ఇనుప గుండు సంగతి.

మా క్యాంపులో భివండి నుంచి వచ్చిన పిల్లగాడు ఒకడుండేవాడు. తండ్రి పవర్‌లూమ్ మీద పని. ఇద్దరం తెలుగువాళ్లమని నాకు దగ్గరయ్యాడు. ఒకరోజు టూరిస్టుల బండి దిగబడింది. అందరికీ తొందర. గాలి తీయలేదు, తవ్వలేదు. దిగబడ్డ బండి వెనకున్న టో బాల్‌కు, అంటే ట్రాలీ తగిలించే ఇనుప గుండుకు, తాడు తగిలించి ఇంకో బండితో గుంజారు. మొదటి గుంజుడుకు రాలేదు. రెండోసారి దూరం నుంచి వేగంగా గుంజారు. ఈ పిల్లగాడు పక్కనే నిలబడి "ఆవో, ఆవో" అని చేయి ఊపుతున్నాడు. గుండు మెడ దగ్గర పటుక్కుమని విరిగింది. తాడుతో పాటు ఎగిరి వచ్చి వాడి మోకాలి చిప్పను పగలగొట్టింది.

ఒక్క అడుగు అటు నిలబడి ఉంటే కడుపుకో తలకో తగిలేది. ఇట్లా తల పగిలి చచ్చిపోయినవాళ్లు లోకంలో చాలా దేశాల్లో ఉన్నారు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. మగ్గం మీంచి నాడె ఎగిరితే ఏమవుతుందో మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. చిన్న కట్టె ముక్కే అంత పని చేస్తే, కిలోల బరువున్న ఇనుము ఏం చేస్తుంది?

లెక్క కూడా చెప్తాను. రెండు టన్నుల బండి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయి తాడును గుంజితే, ఆ దెబ్బలో ఉండే శక్తి 170 కిలోల పత్తి బేలును మూడంతస్తుల మీంచి పడేసినంత. అదంతా ఒక తాడులో, రెండు కొనల దగ్గర ఉన్న ఇనుములో నిలుస్తుంది. ఏది బలహీనమో అది తెగి ఎగురుతుంది. 15 కిలోమీటర్లంటే సైకిల్ వేగం. స్పీడు రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు.

అందుకే తాడు ఆఖరి పని. కట్టక తప్పనప్పుడు ఇవి పాటించాలి:

తాడును టో బాల్‌కు కట్టొద్దు, బంపర్‌కు కట్టొద్దు, యాక్సిల్‌కు కట్టొద్దు. బంపర్‌లో మర తిప్పి బిగించే కన్ను చదును రోడ్డు మీద మెల్లగా లాగడానికే. ఛాసీకి బోల్టులతో బిగించిన, ఇందుకోసమే చేసిన రికవరీ పాయింట్‌కే కట్టాలి.

ఝాడించి గుంజడానికి సాగే నైలాన్ తాడు వేరుగా ఉంటుంది. అది సాగి, మెల్లగా బలం అందిస్తుంది. సాగని పట్టీతో, గొలుసుతో, ఉక్కు తాడుతో ఝాడించి గుంజడం చావును పిలవడమే. బావి తాడు, లారీ కట్టే తాడు అసలే వద్దు.

తగిలించే షాకిల్ మీద ఎన్ని టన్నులు ఓర్చుతుందో అచ్చు కొట్టి ఉండాలి. సాధారణంగా 4.75 టన్నులది వాడతారు. అచ్చు లేని షాకిల్ కిలో లెక్కన కొన్న పాత ఇనుముతో సమానం.

రెండు తాళ్లను షాకిల్‌తో కలపొద్దు. తెగితే మధ్యలో ఉన్న ఆ షాకిలే తుపాకీ గుండవుతుంది. కలపక తప్పకపోతే ఒక తాడు కన్నులోంచి ఇంకో తాడును దూర్చి కలపాలి. ముడి బిగుసుకోకుండా మధ్యలో కాగితాల చుట్ట పెట్టాలి. చదివేశాక ఈ పత్రికనే చుట్టి పెట్టినా నాకేం కోపం లేదు.

తాడు మధ్యలో బరువైనది ఏదైనా కప్పాలి. తాడు తెగినా ఎగరకుండా కిందికి పడేస్తుంది. తడిపిన గోనె సంచి, పాత చద్దర్ ఏదైనా సరే. మన సోలాపూర్ చద్దర్ కంటే దీనికి పనికొచ్చేది ఇంకేముంది?

ప్రతి బండిలో డ్రైవర్ ఒక్కడే ఉండాలి. మిగతావాళ్లంతా తాడు పొడుగుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడాలి. తొమ్మిది మీటర్ల తాడైతే పదిహేను మీటర్ల దూరమనుకోండి. తాడు వరసలో ముందూ వెనకా ఎవరూ ఉండొద్దు. తాడు దాటొద్దు. వీడియో తీసే పిల్లలను ముందు తరమాలి. చేయి ఊపి చెప్పేవాడు ఒక్కడే ఉండాలి, వాడూ దూరంగానే ఉండాలి.

మొదటి లాగుడు మెల్లగా, తాడు బిగుసుకునేంత. రాకపోతే స్పీడు పెంచొద్దు. ఆపి మళ్లీ తవ్వాలి.

సముద్రం ఒడ్డున

ఎడారి ఇసుక ఆగుతుంది, సముద్రం ఆగదు. మన పడమటి తీరంలో రోజుకు రెండుసార్లు ఆటూ పోటూ వస్తుంది. నీళ్లు బాగా వెనక్కి పోయినాక ఆరు గంటలకు అటూ ఇటుగా మళ్లీ నిండుగా వస్తాయి. నీళ్లు లేనప్పుడు గట్టిగా, తారు రోడ్డులా కనిపించే తడి ఇసుకే పిల్లల్ని మోసం చేస్తుంది. అల వచ్చి పోయిన ప్రతిసారీ టైరు కింది ఇసుకను కొంచెం కొంచెంగా లాక్కుపోతుంది. ఇంజన్ అదురుకు కూడా తడి ఇసుక వదులై బండి కూరుకుపోతుంది.

నీళ్లు చక్రాల దాకా వచ్చాయంటే బండి మీద ఆశ వదిలి, మనుషులను పైకి తేవాలి. బండి కిస్తీలు ఉన్నా సరే. మిగిలేది మనిషైతే కిస్తీ కట్టుకోవచ్చు.

అసలు చాలా బీచ్‌ల మీదికి బండి దించడమే నిషేధం. బోర్డు ఉంటే దించొద్దు. అది మన మంచికీ, ఇంకో ప్రాణం మంచికీ. రత్నగిరి జిల్లా వేళాస్ ఒడ్డున, మన తెలుగువాళ్లు ఎక్కువున్న ఒడిశా గంజాం జిల్లా రుషికుల్య మొగలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. మన టైరు కింద ఏముందో మనకు పైనుంచి కనిపించదు.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు

ఒంటరి బండితో ఇసుకలోకి పోవద్దు. సూపర్‌వైజర్ పొమ్మన్నా ఇంకో బండి అడగండి. ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఒకరికి చెప్పి పొండి. మనిషికి రోజుకు ఐదు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు ఉంచుకోండి. దిగబడి, సాయం అందకపోతే బండిని వదిలి నడవొద్దు. వెతికేవాళ్లకు బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. పగలు బండి నీడన ఉండి, తవ్వే పని చల్లబడ్డాక చేయాలి. ఫోన్ సిగ్నల్ ఉంటే ఒమన్‌లో 9999, దుబాయ్ వైపు 999, కువైట్‌లో 112. మన దేశంలో కూడా 112.

బండిలో ఉంచుకునేవి

గాలి కొలిచే గేజ్, చిన్న కంప్రెసర్, పొడుగు పిడి పార, రెండు పలకలు, జాక్ కింద పెట్టే చెక్క, అచ్చు కొట్టిన షాకిళ్లు రెండు, సాగే నైలాన్ తాడు, పాత చద్దర్, తోలు చేతి తొడుగులు, నీళ్లు. అన్నీ ఒకేసారి కొనలేకపోతే ముందు గేజ్, పార, కంప్రెసర్ కొనండి. ఈ మూడింటితోనే ఎక్కువ పని తీరుతుంది. తాడు చివరికి కొన్నా నష్టం లేదు.

భివండి పిల్లగాడు మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. తండ్రి మగ్గం వాడికి దొరికింది గానీ, పన్నెండు గంటలు నిలబడే కాలు వాడికి లేదు. ఇప్పుడు కూర్చుని కండెలు చుట్టే పని చేస్తున్నాడు. పగారు సగమే. ఎప్పుడైనా ఫోను చేస్తే బండ్ల సంగతి ఎత్తడు, నేనూ ఎత్తను.

మా అక్క కొడుకు కొంకణ్ నుంచి వచ్చిన మర్నాడే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి ఆ గుండు ఊడదీయించాను. "మంచిగ కనిపిస్తుండె కదా మామా" అని వాడికి కొంచెం బాధ. అప్పుడు వాడికి భివండి పిల్లగాడి మోకాలి సంగతి చెప్పాను. మళ్లీ అడగలేదు.